పేరు పోగొట్టుకున్న చిహిరో: ఎదిగే వయసు, జపాన్ యానిమేషన్ చిత్రాలు



భౌతికశాస్త్రం చెప్పే మాస్టారికి బొమ్మల సినిమాలతో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. అందుకే ఈ పాఠం ఎలా పుట్టిందో ముందుగా చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం దసరా సెలవులకు మా అక్క కూతురు మా ఇంటికి వచ్చింది. అప్పటికి తను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం. ఇంటికి దూరంగా ఒక రెసిడెన్షియల్ కళాశాలలో చదువుతోంది. అక్కడ ఉండలేనని, వచ్చేస్తానని వాళ్ళ అమ్మతో రెండు మూడుసార్లు ఫోనులో చెప్పింది కూడా. ఒక రాత్రి మేమిద్దరం కూర్చుని 'స్పిరిటెడ్ అవే' అనే జపాన్ యానిమేషన్ చిత్రం చూశాం. అందులో ఒక మంత్రగత్తె, పదేళ్ళ పిల్ల కాగితం మీద రాసిన తన పేరులోని అక్షరాలను గాలిలోకి లేపి గుప్పిట్లో పెట్టేసుకుంటుంది. మా అమ్మాయి సినిమా ఆపి, "మామయ్యా, మా కాలేజీలో నన్నూ నంబరుతోనే పిలుస్తారు" అంది. నవ్వుతూనే అంది. ఆ తరువాత గంటసేపు మామూలుగానే చూసింది. భూతాలు వచ్చాయి, రక్తం కారుతున్న డ్రాగన్ వచ్చింది, తరుముకోవడాలు అయ్యాయి. తనకు ఏమీ కాలేదు. చివరికి తెర మీద ఏమీ జరగని చోట, ఆ పిల్ల రైల్లో కూర్చుని ఊరికే ముందుకు చూస్తున్న చోట, ఒక్కసారిగా ఏడ్చేసింది.

భయపడాల్సిన చోట రాని కన్నీళ్ళు, ఏమీ జరగని చోట ఎందుకు వచ్చాయి? ఆ రాత్రి నాకు సమాధానం తెలియలేదు. తరువాత వెతికి తెలుసుకున్నదే ఈ పాఠం.

మనకూ, జపాన్ బొమ్మలకూ ఉన్న పరిచయం

జపాన్ యానిమేషన్ మనకు పూర్తిగా కొత్త కాదు. 1990వ దశకంలో ఆదివారం పూట దూరదర్శన్‌లో వచ్చిన 'జంగిల్ బుక్' మీ అమ్మానాన్నలకు తప్పక గుర్తుంటుంది. ఆ మోగ్లీ జపాన్‌లో తయారైనవాడే. 1989లో అక్కడ ప్రసారమైన ధారావాహికను ఇక్కడ హిందీలో వినిపించారు. యూగో సాకో అనే జపాన్ దర్శకుడు మన రామ్‌మోహన్‌తో కలిసి రామాయణాన్ని యానిమేషన్ చిత్రంగా తీశారు. 1992లో పూర్తయిన ఆ చిత్రం 2025 జనవరిలో మన దేశంలో తెలుగుతో సహా పలు భాషల్లో థియేటర్లకు వచ్చింది. అయితే మనం ఈ రోజు చెప్పుకునేది మరో కోవ గురించి. ఒక పిల్లో, పిల్లవాడో ఇంటి నుంచి విడిపోయి, వింత లోకంలోకి వెళ్ళి, కొంచెం మారి తిరిగి వచ్చే కథల గురించి.

ఈ కోవలో అందరికంటే ముందు చెప్పుకోవాల్సిన పేరు హయావో మియజాకి. 1941 జనవరి 5న టోక్యోలో పుట్టారు. 1985లో ఇసావో తకహాతా, తోషియో సుజుకీలతో కలిసి స్టూడియో జిబ్లీ ప్రారంభించారు. 2001 జూలైలో విడుదలైన 'స్పిరిటెడ్ అవే' జపాన్‌లో వసూళ్ళలో మొదటి స్థానానికి చేరి, 2020 దాకా అక్కడే ఉంది. 2002లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో మరో చిత్రంతో కలిసి అత్యున్నత బహుమతి పంచుకుంది. 2003లో ఆస్కార్ వచ్చింది. బహుమతుల సంగతి ఇంతటితో వదిలేద్దాం. బహుమతులు వచ్చాయని ఎవరూ ఏడవరు కదా!

కదలిక లెక్క, ఖాళీ లెక్క

నేను సైన్సు మాస్టారిని కాబట్టి లెక్కతో మొదలుపెడతాను. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు తెర మీద పడతాయి. పక్కపక్కన పెట్టిన నిశ్చల చిత్రాలు కదిలినట్లు ఎందుకు కనిపిస్తాయి? కంటిలో పడిన బొమ్మ కాసేపు చెరగకుండా ఉండడమే కారణమని పాత పుస్తకాల్లో ఉంటుంది. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. కానీ అదొక్కటే కారణమైతే బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోవాలి తప్ప కదలకూడదు. 1912లో మాక్స్ వెర్థైమర్ అనే శాస్త్రవేత్త జర్మనీలో చేసిన ప్రయోగాల వివరాలు ప్రచురించారు. రెండు చోట్ల రెండు గీతలను తగినంత తక్కువ వ్యవధిలో ఒకదాని తరువాత ఒకటి చూపిస్తే, ఒకే గీత ఇక్కడి నుంచి అక్కడికి జరిగినట్లు కనిపిస్తుంది. ఆ జరగడం కాగితం మీద లేదు. మధ్యలో ఉన్న ఖాళీని మన మెదడు పూరిస్తోంది.

రెండు గంటల చిత్రానికి 120ని 60తో, దాన్ని 24తో గుణిస్తే 1,72,800 ఫ్రేములు. చేతితో గీసేవారు సాధారణంగా ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడతారు. అంటే 86,400 బొమ్మలు. సరిగ్గా ఒక రోజులో ఉండే సెకన్లు అన్ని! జపాన్‌లో 1963 జనవరి 1న ఒసాము తెజుకా 'ఆస్ట్రో బాయ్' టీవీ ధారావాహిక మొదలుపెట్టినప్పుడు, డబ్బూ సమయమూ లేక బొమ్మల సంఖ్యను బాగా తగ్గించారు. ఒక్కో బొమ్మను ఎక్కువసేపు నిలపడం, కళ్ళూ నోరూ మాత్రమే కదిలించడం అక్కడ అలవాటైంది.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. బొమ్మ గీయడం ఇంత ఖరీదైన పని అయినప్పుడు, ఎవరైనా కథకు అవసరమైన బొమ్మలే గీస్తారు. మియజాకి చిత్రాల్లో మాత్రం పిల్ల బూటులోకి కాలు దూర్చి, బొటనవేలిని నేలకు తాటించి, బూటు సరిచేసుకుంటుంది. కథకు దానితో పని లేదు. అయినా ఎవరో కూర్చుని ఆ బొమ్మలన్నీ గీశారు. 2002లో అమెరికన్ సినిమా విమర్శకుడు రోజర్ ఎబర్ట్ ఈ సంగతే అడిగితే, మియజాకి మూడు నాలుగుసార్లు చప్పట్లు కొట్టి, చప్పట్లకు మధ్య ఉన్న ఖాళీని జపాన్‌లో 'మ' అంటారని చెప్పారు. ఊపిరి తీసుకునే చోటు లేకుండా పరుగులే ఉంటే అది ఒట్టి హడావిడి అవుతుందని ఆయన ఉద్దేశం.

కర్ణాటక సంగీతం నేర్చుకునేవారికి ఇది కొత్త కాదు. ఆదితాళంలో ద్రుతం అంటే ఒక దెబ్బ, ఒక విసర్జితం. విసర్జితంలో చెయ్యి తిప్పి చూపుతామే తప్ప చప్పుడు ఉండదు. చప్పుడు లేదని లెక్కలోంచి తీసేస్తే తాళం తప్పుతుంది. రెండు గీతల మధ్య ఖాళీని మెదడు కదలికతో పూరించినట్లే, రెండు సంఘటనల మధ్య ఖాళీని చూసేవాడు తన సొంత అనుభవంతో పూరిస్తాడని నా ఊహ. దీన్ని వెర్థైమర్ ప్రయోగంలాగా రుజువు చేయలేను. మా అమ్మాయి ఏడుపు చూసిన తరువాత మాత్రం గట్టిగా నమ్ముతున్నాను.

వేయి బారల్లో మిగిలింది వేయి

ఇప్పుడు కథలోకి వెళ్దాం. చిహిరోకు పదేళ్ళు. అమ్మానాన్నలతో కారులో కొత్త ఊరికి వెళుతోంది. పాత బడిలోని స్నేహితులు వీడ్కోలుకు ఇచ్చిన పూలగుత్తి చేతిలో వాడిపోతోంది. దారి తప్పి ఒక సొరంగం ముందు ఆగుతారు. అవతల ఎవరూ లేని వీధిలో వేడివేడి వంటకాలు కనిపిస్తే, పెద్దవాళ్ళిద్దరూ అడగకుండా కూర్చుని తింటారు, పందులైపోతారు. చీకటి పడుతుంది. అది దేవతలు, భూతాలు స్నానానికి వచ్చే లోకం. అక్కడ పని లేనివాళ్ళకు చోటు లేదు. అందుకని చిహిరో స్నానశాల యజమానురాలు యుబాబా దగ్గరకు వెళ్ళి, పని ఇవ్వమని పట్టుబట్టి అడుగుతుంది. ఒప్పందం కాగితం మీద సంతకం చేయగానే ఆమె పేరు యుబాబా చేతిలోకి పోతుంది.

ఈ పేరు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చిహిరో అనే పేరును జపాన్ లిపిలో రెండు అక్షరాలతో రాస్తారు. మొదటి అక్షరానికి అర్థం వేయి. రెండో అక్షరం 'హిరో', లోతును కొలిచే కొలత. రెండు చేతులూ బారచాపితే ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉండే పొడవు, సుమారు 6 అడుగులు. దీనికి మనకు అచ్చమైన మాట ఉంది: బార. నూతిలో నీళ్ళు ఎన్ని బారల లోతున ఉన్నాయో మన పెద్దవాళ్ళు తాడుతో కొలిచి చెప్పేవారు. కాబట్టి చిహిరో అంటే వేయి బారలు, అంతులేని లోతు. యుబాబా రెండో అక్షరాన్ని తీసేసుకుని మొదటిదాన్ని మాత్రం వదులుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ అక్షరాన్ని 'సెన్' అని చదువుతారు. సెన్ అంటే ఒట్టి వేయి. పిల్లలోని లోతు పోయి అంకె మిగిలింది.

జపాన్ ప్రేక్షకులకు ఇది చూడగానే అర్థమవుతుంది. అనువాదంలో చూసేవారికి అందదు. మా అమ్మాయికి ఒక్క జపాన్ అక్షరం కూడా రాదు. అయినా తన హాస్టలు అనుభవంతో అదే అర్థాన్ని పట్టుకుంది. నేను 30 ఏళ్ళుగా హాజరు పట్టీ తెరిచి, "వన్, టూ, త్రీ" అంటూ నంబర్లే పిలుస్తున్నాను. త్వరగా అవుతుందని. ఆ రాత్రి దాకా దాని గురించి నాకు ఏ ఆలోచనా లేదు.

హకు అనే కుర్రవాడు చిహిరోను హెచ్చరిస్తాడు: అసలు పేరు మరిచిపోతే ఇంటిదారి కూడా మరిచిపోతావని. అతడే తన పేరు మరిచిపోయి అక్కడ చిక్కుకున్నవాడు. నిజానికి అతడు ఒక నది. ఆ నదిని పూడ్చి దాని మీద ఇళ్ళు కట్టేశారు. చెరువులు పూడ్చి కాలనీలు వేసిన మన నగరాల్లో ఉండేవారికి ఈ పాత్ర గురించి వేరే వివరణ అక్కర్లేదు.

ఫ్రెంచి పరిశోధకుడు ఆర్నాల్డ్ వాన్ గెనెప్ 1909లో ఒక పుస్తకం రాశారు. పిల్లలను పెద్దవాళ్ళలో చేర్చుకునే ఆచారాలు అనేక సమాజాల్లో మూడు దశల్లో నడుస్తాయని అందులో చూపించారు. ముందు ఉన్నచోటు నుంచి విడదీయడం, తరువాత అటూ ఇటూ కాని మధ్య స్థితిలో ఉంచడం, చివరికి కొత్త హోదాతో తిరిగి చేర్చుకోవడం. మధ్య స్థితిలో ఉన్నవారికి పాత పేరు, పాత బట్టలు ఉండవు. చిహిరో కథ అచ్చంగా ఆ మధ్య స్థితిలోనే నడుస్తుంది. మనలో చాలామందికి ఇప్పుడు అలాంటి ఆచారాలు లేవు. మధ్య స్థితి మాత్రం ఉంది. పదో తరగతి అయ్యాక ఒక పెట్టె, ఒక బకెట్టు, ఒక పరుపుతో హాస్టలు గదిలో దిగబెట్టి అమ్మానాన్నలు వెనక్కి వెళ్ళిపోతారు చూడండి, అదే.

మెట్లు, అన్నం ముద్దలు, సైకిలు

చిహిరో ఎదిగిందని దర్శకుడు ఎక్కడా మాటల్లో చెప్పడు. కొలవడానికి మనకు రెండు పరిశీలనలు ఇస్తాడు. మొదటి రాత్రి బాయిలరు గదికి వెళ్ళే కర్రమెట్లు దిగాలి. పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు, కింద అగాధం. చిహిరో ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ, కాలు చాచి చూసుకుంటూ దిగుతుంది. ఒక మెట్టు విరగగానే కేకలు పెడుతూ కిందిదాకా పరుగెత్తి గోడకు గుద్దుకుంటుంది. తరువాత ఒకనాడు, గాయపడిన హకు కోసం అదే భవనం బయట గోడ వెంట ఉన్న గొట్టం మీద పరుగు తీస్తుంది. గొట్టం ఊడిపోతున్నా ఆగదు. అదే పిల్ల, అదే ఎత్తు. ప్రయోగశాలలో మొదటి రీడింగు, చివరి రీడింగు రాసుకుంటాం కదా, అలా ఈ రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి చూడండి.

మధ్యలో ఏం జరిగింది? పని జరిగింది. నేల తుడిచింది, తొట్టి కడిగింది. సహాయం చేసిన బాయిలరు తాతకు కృతజ్ఞతలు చెప్పావా అని తోటి పనిపిల్ల లిన్ గుర్తుచేస్తే వెనక్కి తిరిగి చెప్పింది. దుర్వాసన కొడుతున్న ఒక దేవత స్నానానికి వస్తే, అందరూ ముక్కు మూసుకున్నా చిహిరో బురదలో దిగి, ఆయన ఒంట్లో గుచ్చుకున్న వస్తువును తాడు కట్టి లాగింది. వచ్చింది ఒక సైకిలు. దాని వెనక గుట్టలకొద్దీ చెత్త. ఆ దేవత మురికితో నిండిన ఒక నది. ఇంటి దగ్గరి నదిని శుభ్రం చేసే పనిలో తాను పాల్గొన్నానని, అందులోంచి నిజంగానే సైకిలు తీశామని మియజాకి ఒక సందర్భంలో చెప్పారు.

మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1950లో ప్రచురించిన పుస్తకంలో మనిషి ఎదుగుదలను 8 దశలుగా విభజించారు. బడి వయసు పిల్లలు, ఒక పని సొంతంగా చేయగలమన్న నమ్మకానికీ చేతకాదన్న న్యూనతకూ మధ్య ఊగుతారని అన్నారు. కౌమారం వచ్చాక తాను ఎవరన్న ప్రశ్న పట్టుకుంటుంది. చిహిరోది మొదటి దశ. ఇప్పుడు ఇది చదువుతున్న మీలో చాలామందిది రెండోది.

అయితే పని ఇస్తే చాలు, పిల్లలు వాళ్ళే ఎదుగుతారని ఎవరైనా ఈ చిత్రం చూపించి వాదిస్తే నేను ఒప్పుకోను. చిహిరోకు పని చెప్పినవాళ్ళతో పాటు అన్నం పెట్టినవాళ్ళూ ఉన్నారు. మొదటి రాత్రి గడిచాక హకు ఆమెను మొక్కల మధ్యకు తీసుకువెళ్ళి, దాచి ఉంచిన ఆమె బట్టలు తిరిగి ఇస్తాడు. అన్నం ముద్దలు ఇచ్చి తినమంటాడు. అప్పటిదాకా పళ్ళు బిగబట్టి ఉన్న పిల్ల రెండో ముద్ద తింటూ తింటూ, చుక్కలు కాదు, గోళీలంత కన్నీళ్ళు కారుస్తూ ఏడుస్తుంది.

ఇక్కడ శరీరధర్మ శాస్త్రం కొంచెం చెప్పాలి. ప్రమాదం ఎదురైనప్పుడు సింపథెటిక్ నాడీవ్యవస్థ పనిచేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, నోరు ఎండిపోతుంది, కండరాలు పరుగుకు సిద్ధమవుతాయి. కన్నీటి గ్రంథిని ప్రధానంగా నడిపేది రెండోది, శరీరాన్ని విశ్రాంతి వైపు మళ్ళించే పారాసింపథెటిక్ వ్యవస్థ. పరీక్ష హాల్లో ఏడవని విద్యార్థి ఇంటికి వచ్చి అమ్మ కంచంలో అన్నం పెట్టగానే ఏడవడం మీరు చూసే ఉంటారు. ప్రమాదం సడలాకే ఏడుపు వస్తుందనడానికి ఇది ఒక కారణమని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. చిత్రకారులు ఈ శాస్త్రం చదివి గీశారో లేదో కానీ, సరైన చోటనే గీశారు.

కొన్ని తిరిగి రావు

మియజాకి 1989లో తీసిన 'కికీస్ డెలివరీ సర్వీస్' మరో మెట్టు పైకి వెళుతుంది. ఎయికో కడోనో 1985లో రాసిన పిల్లల నవల దీనికి ఆధారం. కికీ మంత్రగత్తెల ఇంటి పిల్ల. పదమూడేళ్ళు రాగానే ఒక పున్నమి రాత్రి చీపురు ఎక్కి, నల్ల పిల్లి జిజిని వెంటబెట్టుకుని తెలియని ఊరికి వెళ్ళి సొంతంగా బతకాలి. కికీకి వచ్చిన విద్య ఎగరడం ఒక్కటే. అందుకని ఒక బేకరీలో గది తీసుకుని సామాన్లు చేరవేసే పని మొదలుపెడుతుంది.

ఇందులో ఒక చిన్న దృశ్యం ఉంది. ఒక ముసలావిడ మనవరాలి పుట్టినరోజుకు చేపలు పెట్టిన వంటకం పంపాలనుకుంటుంది. కరెంటు పొయ్యి పనిచేయదు. కికీ కట్టెలు పేర్చి పాత పొయ్యి వెలిగిస్తుంది, దగ్గరుండి కాల్చిస్తుంది, జోరువానలో తడుస్తూ తీసుకువెళుతుంది. తలుపు తీసిన మనవరాలు, ఇది నాకు ఇష్టం లేదని మొహం చిట్లించి తలుపు వేసేస్తుంది. అంతే. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. మనం ప్రాణం పెట్టి చేసిన పని అవతలివాళ్ళకు ఏమీ కాకపోవచ్చునని కికీకి మొదటిసారి తెలిసింది. జ్వరం వస్తుంది. కొన్ని రోజులకు జిజి మాటలు వట్టి పిల్లి అరుపుల్లా వినిపిస్తాయి. ఎగరబోతే చీపురు లేవదు.

పాటలు పాడేవారు, బొమ్మలు గీసేవారు, లెక్కలు బాగా చేసేవారు మీలో ఉంటారు. ఎప్పుడో ఒకప్పుడు ఆ విద్య చేయి వదిలేసినట్లు అనిపిస్తుంది. అడవిలో బొమ్మలు వేసుకునే ఉర్సులా తనకూ అలా జరిగిందని కికీకి చెబుతుంది. ఎంత వేసినా రాకపోతే ఏం చేస్తావని అడిగితే, వేయడం మానేసి నడవడం, నిద్రపోవడం చేస్తానంటుంది. ఎవరో శాపం పెట్టి లాక్కున్న విద్య కాదు కాబట్టి యుద్ధం చేసి గెలుచుకోవడానికి వీల్లేదు.

చివరికి కికీ మళ్ళీ ఎగురుతుంది. జిజి మాత్రం జపాన్ చిత్రంలో ఇక మాట్లాడడు. వచ్చి భుజం మీద ఎక్కుతాడు, మ్యావ్ అంటాడు. 1998లో అమెరికాలో చేసిన ఇంగ్లీషు అనువాదంలో ఈ చోట పిల్లికి మళ్ళీ మాటలు పెట్టారు. పిల్లలు బాధపడతారని కాబోలు! నా మటుకు అది పొరపాటు. చిన్నప్పటి బొమ్మతో మాట్లాడే భాష మీకు ఇప్పుడు వచ్చా? రాదు. ఆ బొమ్మ అటకమీద ఉండే ఉంటుంది. జిజి మాట్లాడకపోవడం వల్లనే పెద్దవాళ్ళు కూడా ఆ చిత్రం చూసి కాసేపు కుర్చీలోంచి లేవరు.

1988 నాటి 'మై నైబర్ టొటొరో'లో శత్రువే లేడు. అమ్మ ఆసుపత్రిలో ఉంది. సత్సుకి, మే అనే ఇద్దరు అక్కచెల్లెళ్ళు నాన్నతో పల్లెటూరికి వస్తారు. పెరటి వెనక పెద్ద చెట్టులో టొటొరో అనే వింత జీవి వాళ్ళకు దోస్తు అవుతుంది. మియజాకి చిన్నతనంలో ఆయన తల్లి వెన్నెముక క్షయతో ఏళ్ళ తరబడి బాధపడ్డారు. బహుశా అందుకే టొటొరోకు జబ్బు తగ్గించే శక్తి ఇవ్వలేదు. ఆసుపత్రి నుంచి టెలిగ్రాం వచ్చిన రోజున, అప్పటిదాకా అన్నం వండి, చెల్లికి జడ వేసి పెద్దరికం చేసిన సత్సుకి, పక్కింటి బామ్మ ముందు చిన్నపిల్లలా భోరుమంటుంది. టొటొరో చేసిందల్లా తప్పిపోయిన మేను వెతకడానికి పిల్లిబస్సును పిలవడం. అమ్మ ఆసుపత్రిలోనే ఉంటుంది. కిటికీ గట్టు మీద 'అమ్మకి' అని గీసిన మొక్కజొన్న పొత్తు ఒకటి కనిపిస్తుంది.

లెక్కల మాట వచ్చింది కనుక తకహాతా 1991లో తీసిన 'ఓన్లీ యెస్టర్‌డే' గురించి ఒక్క ముక్క. ఇది మాయాలోకపు కథ కాదు. ఐదో తరగతి తయెకోకు భిన్నాల భాగహారం అర్థం కాదు. మూడింట రెండు వంతుల ఆపిల్‌ను నాలుగో వంతుతో భాగించడమంటే ఏమిటో బొమ్మ వేసుకుని, ముక్కలు చేసి, ఆరో వంతు అంటుంది. అక్క విసుక్కుంటుంది, తిరగేసి గుణించు చాలంటుంది. తయెకో చేసింది గుణకారం. జవాబు తప్పే, మూడింట ఎనిమిది రావాలి. కానీ అడిగిన ప్రశ్న చాలా మంచిది. మా వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ ఆ దృశ్యం చూపించాలి.

రైలు

మళ్ళీ మొదటి ప్రశ్నకు వద్దాం. హకును కాపాడడానికి చిహిరో ఆరో స్టేషన్‌కు వెళ్ళాలి. ఆ రైలు వెళ్ళడమే తప్ప తిరిగి రాదని బాయిలరు తాత చెబుతాడు. వర్షానికి లోకమంతా నీటితో నిండింది. పట్టాలు నీటి కింద ఉన్నాయి. రైలు నీటి మీద వెళుతున్నట్లే ఉంటుంది. పెట్టెలో నీడల్లాంటి ప్రయాణికులు. పక్కన ముఖం లేని భూతం బుద్ధిగా కూర్చుంది. ఒక స్టేషన్‌లో అందరూ దిగిపోతారు. ప్లాట్‌ఫాం మీద నీడలాంటి ఒక చిన్నపిల్ల నిలబడి ఉంటుంది. చీకటి పడుతుంది. ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. జో హిసాయిషి కూర్చిన పియానో వినిపిస్తుంది.

ఏడుపు ఆగాక మా అమ్మాయిని నెమ్మదిగా అడిగాను. కొంతసేపటికి చెప్పింది. మొదటిసారి హాస్టలుకు నాన్న దిగబెట్టాడట. మధ్యలో నాలుగు రోజులు ఇంటికి వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు ఒంటరిగా రైలెక్కింది. "కిటికీ పక్కనే కూర్చున్నా మామయ్యా. నాలుగు గంటలు. దారిలో ఏం చూశానో ఒక్కటీ గుర్తులేదు. ఇలా ఒట్టి నీళ్ళలాగే ఉంది" అంది.

ఆ తరువాత చాలా కాలానికి మియజాకి ఇంటర్వ్యూ ఒకటి చదివాను. తన దృష్టిలో ఈ చిత్రం చిహిరో ఒంటరిగా రైలెక్కడంతోనే పూర్తయిందని ఆయన అన్నారు. తాను మొదటిసారి ఒంటరిగా రైలెక్కిన రోజు గుర్తుందని, అలా వెళ్ళే పిల్లలు ప్రయాణం మీదే ధ్యాస పెడతారు కనుక బయటి దృశ్యాలు వాళ్ళ జ్ఞాపకంలో మిగలవని చెప్పారు. కిటికీ బయట కొండలూ అడవులూ ఉండకూడదనే, అంతకు ముందే వాన కురిపించి లోకాన్ని నీటితో నింపారట. చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. మా అమ్మాయి చెప్పిందీ ఇదే కదా!

దీనికి శాస్త్రంలోనూ ఆధారం ఉంది. ఉద్వేగం పెరిగినకొద్దీ మనం గమనించే విషయాల పరిధి కుంచించుకుపోతుందని ఈస్టర్‌బ్రూక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1959లో ప్రతిపాదించారు. ముఖ్యమని మనసు అనుకున్నది మిగులుతుంది, అంచున ఉన్నవి జారిపోతాయి. టికెట్టు చేతిలో ఉందా, స్టేషన్ దాటిపోయిందా అని చూసుకునే పిల్లకు పొలాలు కనిపించవు.

ఇప్పుడు ఆ దృశ్యంలో ఏమీ జరగడం లేదని మీరు అనగలరా? అంతకు ముందు ప్రతిసారీ చిహిరోను ఎవరో తోశారు, ఎవరో రమ్మన్నారు, ఎవరో దారి చూపారు. రైలు మాత్రం తనే ఎక్కింది, తిరిగి రాదని తెలిసి కూడా. ఆ సంగతి మనకు తెలియడానికి కొంత సమయం కావాలి. దర్శకుడు ఆ సమయాన్ని ఇచ్చాడు. మా అమ్మాయి ఆ ఖాళీలో తన నాలుగు గంటల ప్రయాణాన్ని పెట్టుకుంది. మీరు చూస్తే మరొకటి పెట్టుకుంటారు.

చివర్లో చిహిరో అమ్మానాన్నలు మనుషులై సొరంగం దగ్గర ఎదురుచూస్తుంటారు. వాళ్ళకు ఏమీ గుర్తులేదు. సొరంగంలో చిహిరో మొదట వచ్చినప్పటిలాగే అమ్మ చేతిని రెండు చేతులతో పట్టుకుని నడుస్తుంది. అంత అతుక్కోవద్దని అమ్మ మళ్ళీ అదే మాట అంటుంది. నేను నిరాశపడ్డాను. ఇంత జరిగాక పిల్ల పాతదే అయిపోయిందే అని పైకే అన్నాను.

"సరిగ్గా చూడలేదు మామయ్యా" అని మా అమ్మాయి సినిమాను కొంచెం వెనక్కి జరిపింది. సొరంగం దాటిన చిహిరో ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూస్తుంది. ఆ లోకంలో జెనీబా అనే ముసలావిడ ఇంట్లో అందరూ కలిసి నూలు వడికి అల్లిన పట్టీ ఇంకా జడకు ఉంది. అది ఒక్కసారి తళుక్కుమంటుంది. అమ్మ కారులోంచి పిలుస్తుంది. కారు నిండా దుమ్ము, ఎండుటాకులు.

సెలవులు అయ్యాక తనను నేనే స్టేషన్‌కు తీసుకువెళ్ళాను. లోపలికి వచ్చి సీటు చూపిస్తానంటే వద్దంది.